ఫార్మసీ కాలేజీ వెతుక్కునే మన ఇళ్ళకు కొన్ని మాటలు



ప్లస్ టూ మార్కులు వచ్చిన రోజునుంచి మాకు ఫోన్లు ఆగడం లేదు. మేము అంటే సంఘంలో ఉద్యోగాలు ముగించుకుని ఇంట్లో కూర్చున్న నలుగురైదుగురం. పిల్లల వెంట కాలేజీలకు పోయి చూసివచ్చేది, అప్లికేషన్లు నింపేది ఇన్నేళ్ళుగా మా పని అయిపోయింది. ఈ యేడు అడిగేవాళ్ళలో చాలామంది అడిగేది ఒకటే. "అన్నా, ఫార్మసీకి ఏ కాలేజీ మంచిది?" ఫోన్‌లో రెండు నిమిషాల్లో తేలే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాము. కొంచెం పొడుగ్గా ఉంటుంది. తెలుగు చదవడం రాని పిల్లలకు ఇంట్లో పెద్దవాళ్ళు చదివి వినిపించండి.

సత్రపట్టి పిల్లలకు ఫార్మసీ మీద మనసు పోవడంలో వింత లేదు. మన ఊరైనా, పక్కన సముసిగాపురమైనా, అయ్యనాపురమైనా, ఎక్కడ నిలబడినా పవర్‌లూమ్ చప్పుడే. మన మగ్గాలమీద దిగేది చీరా కాదు, ధోవతీ కాదు. ఆసుపత్రికి పోయే బ్యాండేజీ గుడ్డ, గాజ్ గుడ్డ. నేసేవాళ్ళకు అది మీటర్ల లెక్క, కూలి లెక్క. చట్టం లెక్క వేరు. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద సర్జికల్ డ్రెస్సింగు కూడా మందే. దాని నాణ్యత ఎలా ఉండాలో చెప్పడానికి ఆ చట్టం నియమాల్లో ఎఫ్-2 అని విడిగా ఒక షెడ్యూలే పెట్టారు. 2017లో మెడికల్ డివైసెస్ రూల్స్ వచ్చాక ఇది వైద్య పరికరాల జాబితాలో చేరింది. ఇలాంటి సరుకు తయారుచేసే లైసెన్సు కావాలంటే ఫార్మసీయో, ఇంజినీరింగో, సైన్సో చదివి అనుభవం ఉన్న మనిషి పనిలో ఉండాలి. అంటే మన ఊరి పనికీ ఈ చదువుకీ దూరం లేదు. మనం గుడ్డ నేసి పంపించడంతో ఆగిపోయాము, అంతే.

ఇక కాలేజీ సంగతి. కాలేజీ కంటే ముందు కోర్సు తేల్చుకోవాలి. మన ఇళ్ళలో మూడింటినీ కలిపి "ఫార్మసీ" అనేస్తారు.

డి.ఫార్మ్ రెండేళ్ళ డిప్లొమా. ఆ తరువాత 500 గంటలు, మూడు నెలలకు తగ్గకుండా, ఆసుపత్రిలోనో మందుల షాపులోనో శిక్షణ. అది ముగించి, ఎగ్జిట్ పరీక్ష ఉంటే అదీ పాసైతే రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ కావచ్చు. బి.ఫార్మ్ నాలుగేళ్ళ డిగ్రీ, ఎనిమిది సెమిస్టర్లు. ఫార్మ్.డి ఆరేళ్ళు, అందులో చివరి యేడు ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. ఇది 2008లో మన దేశానికి వచ్చింది. దీని పేరులో డాక్టర్ అనే మాట ఉండేసరికి కొందరు "నీట్ రాకపోతే ఏమి, ఇదీ డాక్టరే" అని పిల్లలకు చెబుతున్నారు. అలా చెప్పకండి. ఇది డాక్టర్ పక్కన నిలబడి మందు మోతాదు, ఒక మందుకు ఇంకో మందు పడుతుందా లేదా అనేవి చూసే చదువు. తానుగా చీటీ రాసి వైద్యం చేసే హక్కు దీనితో రాదు. ఆ ఆశతో చేరిన పిల్లలు మూడో యేట మొహం వేలాడేసుకుని తిరగడం చూశాము.

డి.ఫార్మ్‌ను తక్కువగా చూసేవాళ్ళకు ఒక మాట. మాలో రైల్వేలో పనిచేసినవాళ్ళం ఉన్నాము కాబట్టి తెలుసు. రైల్వే ఆసుపత్రుల్లో ఫార్మసిస్ట్ ఉద్యోగం ఉంది, వెనుకటి రోజుల్లో కాంపౌండర్ అనేవాళ్ళు. దానికి సైన్స్‌తో ప్లస్ టూ, డి.ఫార్మ్, రిజిస్ట్రేషన్ ఉంటే చాలు. బి.ఫార్మ్ ఉన్నా సరే. ఏడో పే కమిషన్ లెక్కలో లెవెల్ 5, మొదటి మూలవేతనం 29,200 రూపాయలు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది ఉండి, బిడ్డ త్వరగా సంపాదనలోకి రావాలంటే ఈ దారి మంచి దారే. మందుల కంపెనీ, పరిశోధన, పై చదువు కావాలంటే బి.ఫార్మ్.

బి.ఫార్మ్ పాఠాల పట్టికను ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తయారుచేస్తుంది. దేశమంతా అదే ప్రాతిపదిక. తమిళనాడులో చాలా కాలేజీలు డాక్టర్ ఎం.జి.ఆర్. మెడికల్ యూనివర్సిటీ కింద ఉన్నాయి. అంటే కృష్ణన్‌కోవిల్లో కలసలింగం కాలేజీ అయినా, మదురై మెడికల్ కాలేజీలోని ఫార్మసీ విభాగమైనా, చెన్నై మద్రాస్ మెడికల్ కాలేజీ అయినా, ఊటీలో జె.ఎస్.ఎస్. అయినా పిల్లలు చదవాల్సిన పాఠాలు ఇంచుమించు ఒకటే. చివర వచ్చే రిజిస్ట్రేషన్ ఒకటే. మరి తేడా ఎక్కడుంది? నాలుగేళ్ళలో మీ బిడ్డ ల్యాబ్‌లో ఎన్ని గంటలు తన చేతులతో పనిచేసింది, పక్కన నేర్పే మనిషి నిలబడ్డాడా లేదా, అక్కడుంది. మేము ఇన్ని కాలేజీల గేట్లు దాటి నేర్చుకున్నది ఇంతే. బిల్డింగు, బస్సు, బ్యానర్ మీద ఉద్యోగాల లెక్క, ఇవన్నీ దాని తరువాతే.

మూడేళ్ళ కింద ఒక ఇంట్లో జరిగిన సంగతి చెబుతాము. వాళ్ళకు నాలుగు మగ్గాలు. ఆ ఇంటి అమ్మాయికి రెండు కాలేజీల్లో సీటు దొరికే అవకాశం వచ్చింది. ఒకటి ఇంటినుంచి కాలేజీ బస్సులో పోయివచ్చేది. కొత్త భవనం, లిఫ్ట్, గాజు తలుపులు. ఇంకొకటి వేరే జిల్లాలో, హాస్టల్లో ఉండాలి. పాత భవనం, గోడలకు సున్నం కూడా సరిగ్గా లేదు. వాళ్ళ నాయన బస్సు కాలేజీ వైపు. అవ్వ ఇంకా గట్టిగా బస్సు కాలేజీ వైపు, "ఆడపిల్లను రాత్రిపూట ఎక్కడో పడుకోబెట్టి నాకు నిద్ర ఎలా పడుతుంది?" అని. అమ్మాయి ఏమీ చెప్పలేదు.

మేము వాళ్ళ నాయనతో రెండు చోట్లకూ పోయాము. కొత్త భవనంలో మాకు ఆడిటోరియం చూపించారు, కాఫీ ఇచ్చారు. ల్యాబ్ అడిగితే తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడన్నారు. పాత భవనంలో కాఫీ లేదు. ల్యాబ్ తలుపు తీసే ఉంది. బల్లలమీద యాసిడ్ మచ్చలు, కల్వాల అంచులు అరిగిపోయి ఉన్నాయి. ఒక టీచరమ్మ పది పన్నెండు మంది పిల్లలను చుట్టూ నిలబెట్టుకుని ఎమల్షన్ కలపడం చూపిస్తోంది. నూనె నాలుగు పాళ్ళు, నీళ్ళు రెండు, బంక ఒకటి, కల్వంలో ఒకే వైపు ఆపకుండా నూరాలి. సరిగ్గా కుదిరితే టకటకమని ఒక శబ్దం వస్తుంది. "ఆ శబ్దం వచ్చేదాకా ఎవరూ ఇంటికి పోకూడదు" అంటోంది ఆమె. అమ్మాయి నాయన పదిహేను నిమిషాలు అక్కడే నిలబడి విన్నాడు. మగ్గం చప్పుడులో తేడా విని దారం తెగిందని తెలుసుకునే మనిషి ఆయన. బయటికి వచ్చాక "ఇక్కడే చేర్పిద్దాం" అన్నాడు. అవ్వకు సర్దిచెప్పడానికి ఇంకో రెండు వారాలు పట్టింది, అది వేరే కథ.

ఇప్పుడు ఆ అమ్మాయి మూడో సంవత్సరం ముగించింది. తను చెప్పినవీ, మిగతా పిల్లలు చెప్పినవీ కలిపి, చేరేముందు అనుకున్నది ఏమి, లోపల ఉన్నది ఏమి అని రాస్తున్నాము.

మొదటి రోజునుంచే మందుల పేర్లు, ఏ జబ్బుకు ఏ మాత్ర అని నేర్పుతారనుకుంటారు. కాదు. ఫార్మకాలజీ మొదలయ్యేది నాలుగో సెమిస్టర్‌లో. అంతవరకు శరీర నిర్మాణం, కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, లవణాల విశ్లేషణ. ఊళ్ళో చుట్టాలందరూ "ఈ మాత్ర దేనికమ్మా?" అని అడుగుతుంటే మొదటి ఏడాదిన్నర "తెలియదు" అని చెప్పాల్సిందే. పిల్లలకు అదొక పెద్ద అవమానంగా ఉంటుంది. వాళ్ళను అలా అడగకండి.

లెక్కలు తప్పించుకోవచ్చనుకుని బయాలజీ పిల్లలు వస్తారు. మొదటి సెమిస్టర్‌లో వాళ్ళకు రెమెడియల్ మాథమెటిక్స్ ఉంది. ప్లస్ టూలో బయాలజీ లేకుండా లెక్కలు చదివినవాళ్ళకు రెమెడియల్ బయాలజీ ఉంది. ఇంజినీరింగ్ వద్దురా దేవుడా అని ఇటు వచ్చినవాళ్ళకు మూడో సెమిస్టర్‌లో ఫార్మాస్యూటికల్ ఇంజినీరింగ్ ఎదురొస్తుంది.

కాలేజీ అంటే సినిమాలో చూపించినట్టు ఖాళీగా తిరిగే కాలం అనుకుంటారు. థియరీకి, ప్రాక్టికల్‌కు విడివిడిగా 80 శాతం హాజరు కావాలి. ప్రాక్టికల్ అంటే నాలుగు గంటలు నిలబడి చేసేది. రాత్రి రికార్డు రాయాలి, బొమ్మలు వేయాలి. కాళ్ళు లాగుతాయి, తెల్లకోటుకు మచ్చలు పడతాయి. మొదటి నెల ఆ కోటు వేసుకుని ఫోటో తీసి ఇంటికి పంపించిన పిల్లలే రెండో నెలలో దాన్ని ఉతకలేక విసుక్కుంటారు.

కప్పలను కోయాలేమో అని భయపడే పిల్లలు ఇంకా ఉన్నారు, అన్నలక్కలు చెప్పిన పాత కథలు విని. ఇప్పటి పాఠాల పట్టికలో జంతువుల ప్రయోగాలు కంప్యూటర్ మీద, వీడియోలో చూపించేవే. ఆ భయంతో ఎవరూ ఆగక్కరలేదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ భాష. మన పిల్లల్లో తమిళ మీడియం వాళ్ళు ఎక్కువ. ప్లస్ టూలో తొంభై మార్కులు తెచ్చుకున్న బిడ్డ అక్కడ ఇంగ్లీషులో పాఠం వింటూ, తెలిసిన సంగతినే తెలియనట్టు కూర్చుంటుంది. "నాకు వినైయూక్కి అంటే తెలుసు మామా, కాటలిస్ట్ అంటే అదేనని ఎవరూ చెప్పలేదు" అని ఒక అబ్బాయి మాతో అన్నాడు. వాడు మందబుద్ధి కాదు. రెండు నెలలు ఎవరైనా పక్కన కూర్చుని మాటకు మాట చెబితే చాలు, తరువాత పరుగెత్తుతాడు. ఆ రెండు నెలల్లో ఎవరూ లేకపోతే చదువే వదిలేస్తాడు. కాలేజీ చూడడానికి పోయినప్పుడు తమిళ మీడియం పిల్లలకు మొదటి సెమిస్టర్‌లో ఏమి చేస్తారు అని అడగండి. జవాబు చెప్పడానికి వాళ్ళు ఎంతసేపు తడుముకుంటారో చూడండి.

ఇక్కడ ఇంకో ఆలోచన మన ఇళ్ళలో వస్తుంటుంది. "మనది తెలుగే కదా, హైదరాబాద్ పంపిద్దాం. మందుల కంపెనీలన్నీ అక్కడే" అని. కంపెనీల మాట నిజం. 1960లలో కేంద్ర ప్రభుత్వం అక్కడ ఐ.డి.పి.ఎల్. పెట్టింది. అందులో పని నేర్చుకున్నవాళ్ళే తరువాత సొంత కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలైంది. ఇప్పుడు ఆ ఊరి చుట్టూ మందుల ఫ్యాక్టరీలే. కానీ తమిళనాడులో మాదిరి ప్లస్ టూ మార్కులమీద సీటు ఇవ్వరు, అక్కడ ఎంట్రన్స్ ఉంది. కన్వీనర్ సీట్లు చాలావరకు ఆ రాష్ట్రపు స్థానికులకే. మన పిల్లలకు మిగిలేది మేనేజ్‌మెంట్ సీటు, దాని ఫీజు.

భాష కూడా మనం అనుకున్నట్టు ఉండదు. మేమంతా తమిళంలో చదువుకున్నవాళ్ళం, ఇంట్లో మాత్రం తెలుగు. మన ఊరినుంచి అక్కడికి పోయిన ఒక అబ్బాయి మొదటి వారం స్నేహితులతో కూర్చుని చదువుతూ తికమకపడ్డాడు. తమిళ పుస్తకంలో అణు అంటే ఆటమ్, మూలక్కూరు అంటే మాలిక్యూల్. తెలుగు పుస్తకంలో పరమాణువు అంటే ఆటమ్, అణువు అంటే మాలిక్యూల్. వాడు ఒకటి అంటే వాళ్ళకు ఇంకొకటి వినిపించింది. "నీది తెలుగేనా?" అని నవ్వారట. మన ఇంటి తెలుగు మాట్లాడితే వాళ్ళకు తమిళంలా ఉంటుంది, ఇక్కడ మనల్ని తెలుగువాళ్ళంటారు. ఆరు నెలలకు వాడు రెండూ సర్దుకున్నాడు, ఇప్పుడు అక్కడే ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్‌లో ఉన్నాడు. వాడితోపాటు పోయిన ఇంకొకడు సర్దుకోలేక మధ్యలో వచ్చేస్తానంటే, వాడు చేరిన కాలేజీ మిగతా సంవత్సరాల ఫీజు కట్టందే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వమంది. ఆ కాలేజీ పేరు ఇక్కడ వద్దు. ఒరిజినల్స్ పట్టిపెట్టుకోకూడదని 2018లో యూజీసీ నోటిఫికేషన్ ఇచ్చింది. అది చేతిలో పెట్టుకుని మేము మూడుసార్లు పోతేగానీ పని కాలేదు. ఎక్కడ చేర్పించినా ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోండి, నకళ్ళు ఇవ్వండి.

పోయినవారు అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. ఆ కాలేజీకి ఈ సంవత్సరానికి ఫార్మసీ కౌన్సిల్ అనుమతి ఉందా, ఎన్ని సీట్లకు ఉంది? అది లేకపోతే నాలుగేళ్ళు చదివినా రిజిస్ట్రేషన్ చిక్కులో పడుతుంది. కాలేజీలు మరీ ఎక్కువైపోయాయని 2019లో కౌన్సిల్ కొత్తవాటిని ఐదేళ్ళు ఆపాలనుకుంది. 2022లో సుప్రీంకోర్టు ఆ తీర్మానం చెల్లదంది. కాబట్టి కొత్త కాలేజీలు ఇంకా వస్తాయి, జాగ్రత్త మన పనే. నాలుగో యేడుకు ముందు 150 గంటల శిక్షణకు పిల్లలను ఎక్కడికి పంపిస్తారు? నిజంగా పంపిస్తారా, సంతకం మాత్రం తెప్పిస్తారా? ఈ ప్రశ్న ఆఫీసులో అడగకండి. గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడి మూడో సంవత్సరం పిల్లలను అడగండి. వాళ్ళు అబద్ధం చెప్పరు.

ముందు చెప్పిన అమ్మాయి నాలుగో సెమిస్టర్‌లో ఫార్మకాగ్నసీ చదివింది. అందులో నారల పాఠం ఉంది. పత్తి, జనపనార, హెంప్. మైక్రోస్కోప్ కింద పత్తి పోగు మెలితిరిగిన రిబ్బన్‌లా కనిపిస్తుందట. సెలవులకు వచ్చినప్పుడు వంటింట్లో రెండు గిన్నెల నీళ్ళు పెట్టి వాళ్ళ నాయనను పిలిచింది. మగ్గం మీదనుంచి అప్పుడే దిగిన గుడ్డ ముక్క ఒకదాంట్లో వేసింది, తేలింది. బ్లీచింగ్ అయిన సర్జికల్ దూది ఇంకొకదాంట్లో వేసింది, చూస్తుండగానే మునిగింది. పత్తికి పుట్టుకతో మైనం ఉంటుందని, కాస్టిక్‌లో ఉడికించి దాన్ని తీస్తేనే నీటినీ రక్తాన్నీ పీలుస్తుందని, నీళ్ళమీద వేసిన దూది 10 సెకండ్లలోపు మునగాలని ప్రమాణం ఉందని చెప్పింది. ముప్పై ఏళ్ళు ఆ గుడ్డ నేసిన మనిషి "ఇదంతా ఎందుకు చేస్తారో ఇప్పుడు తెలిసింది" అన్నాడు. అవ్వ మాత్రం "గిన్నెలు కడుగు" అంది.

చివరిగా, మాకు మనసులో గుచ్చుకునే సంగతి ఒకటి ఉంది. 1948 ఫార్మసీ చట్టం ప్రకారం డాక్టర్ చీటీమీద మందు ఇచ్చే మనిషి రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ అయి ఉండాలి. అందుకే ప్రతి మందుల షాపులో గోడకు ఒక సర్టిఫికెట్ వేలాడుతుంటుంది. కొన్ని చోట్ల ఆ పేరుగల మనిషి ఆ షాపు గడప కూడా తొక్కి ఉండరు. సర్టిఫికెట్‌ను నెలకు ఇంత అని అద్దెకిస్తారు. పెళ్ళయి ఇంట్లో కూర్చున్న మన ఆడపిల్లల పేర్లు ఇలా గోడలకు వేలాడడం మేము చూశాము. "ఊరికే ఉన్న కాగితం, నాలుగు డబ్బులు వస్తే తప్పేమి?" అని అడిగే మామలు ఉన్నారు. ఎవరో ఒక పెద్దాయనకు షుగర్ మాత్ర బదులు వేరే మాత్ర చేతికి వచ్చిన రోజున కేసు ఆ బిడ్డ పేరుమీద కూడా వస్తుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి. నాలుగేళ్ళు కాళ్ళు లాగేదాకా నిలబడి నేర్చుకున్న చదువును మనమే కాగితం చేసి గోడకు కొడుతున్నాము.

కాబట్టి ఫార్మసీకి పంపించే ప్రతి ఇంటినీ ఒకటి అడుగుతున్నాము. చదువు ముగిశాక ఆ బిడ్డ కౌంటర్ వెనుకో, ఫ్యాక్టరీలోనో, ఆసుపత్రిలోనో, మన ఊరి గుడ్డ కంపెనీలోనో తానే నిలబడి పనిచేయడానికి మీకు సమ్మతమా? సమ్మతమైతే కాలేజీ వెతకడానికి మేము వెంట వస్తాము, ఎంత దూరమైనా సరే. అలా కాదంటే ఆ సీటు ఇంకో బిడ్డకు ఉపయోగపడనివ్వండి.

మార్కుల కాగితం, కమ్యూనిటీ సర్టిఫికెట్, రెండేసి నకళ్ళు తీసుకుని ఆదివారం పొద్దున సంఘం ఆఫీసుకు రండి. పిల్లలను తప్పకుండా తీసుకురండి. వాళ్ళకు ఏమి కావాలో ముందు వాళ్ళ నోటనే వింటాము.